ఫ్లష్ మొరాయించినప్పుడు: లోపాన్ని వెతికే వరుస

ఇంట్లోని మరుగుదొడ్డి గురించి వినిపించే ఫిర్యాదులు ప్రధానంగా రెండు: నీళ్లు నిండేటప్పుడో, నిండిన తర్వాతనో వచ్చే చప్పుడు ఒకటి, ఒక్కసారి నొక్కితే శుభ్రపడవలసిన కమోడ్ రెండు మూడు సార్లు నొక్కినా శుభ్రపడకపోవడం రెండోది. ఇవి తరచుగా ఒకే ఇంట్లో, ఒకే కాలంలో కనిపిస్తాయి కాబట్టి రెండింటినీ ఒకే జబ్బుగా భావించి, ప్లంబరును పిలిపించి, ట్యాంకు లోపలి సామాను మొత్తాన్ని మార్పించడం చాలామందికి అలవాటైంది. అయితే నిదానంగా పరిశీలిస్తే, పాడైనది అరచేతిలో ఇమిడే రబ్బరు బిళ్లో, ఇసుక పట్టిన చిన్న జాలీనో అని తేలే సందర్భాలే ఎక్కువ. మరికొన్ని ఇళ్లలో ట్యాంకులో ఏ దోషమూ ఉండదు, లోపం కమోడ్ కింది పైపులోనో, పెరట్లోని సెప్టిక్ ట్యాంకులోనో దాగి ఉంటుంది. అందువల్ల డబ్బు పెట్టే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. అందుకు ఈ అధ్యాయం అనుసరించే పద్ధతి రెండు సూత్రాల మీద నిలుస్తుంది: నీళ్లు వచ్చిపోయే దారినే, అదే వరుసలో వెతకడం మొదటిది; చప్పుడు ఎలా ఉందన్న దానికన్నా ఏ సమయంలో వస్తోందన్న దాన్ని ముందుగా గమనించడం రెండోది.

నీళ్ల దారి

తెలుగు పట్టణాల్లోని చాలా ఇళ్లలో మునిసిపల్ నీళ్లయినా, బోరు నీళ్లయినా ముందు సంపులో చేరి, మోటారుతో మేడ మీది ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి తమ బరువుతోనే గొట్టాల్లోకి దిగుతాయి. పై ట్యాంకులోని నీటి మట్టానికీ కుళాయికీ మధ్య ఉన్న ప్రతి 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో ఒత్తిడి ఏర్పడుతుంది. కాబట్టి ట్యాంకుకు రెండు మూడు మీటర్ల కిందనే ఉండే పై అంతస్తు మరుగుదొడ్డికి అందే ఒత్తిడి అందులో మూడో వంతుకు మించదు. అయిదంతస్తుల భవనంలో అట్టడుగు ఇంటికి అందేది దానికి అయిదారు రెట్లు ఉంటుంది. ఒకే రకం సామాను బిగించిన ఒకే భవనంలో పై ఇంటివారు నీళ్లు త్వరగా నిండడం లేదని, కింది ఇంటివారు చప్పుడు భరించలేకపోతున్నామని అనడానికి ఈ తేడాయే ముఖ్య కారణం.

స్నానాల గది గోడకు ఉన్న యాంగిల్ కాక్, అంటే నీళ్లను ఆ ఒక్క ట్యాంకుకు మాత్రమే ఆపగలిగే చిన్న కుళాయి, ఈ దారిలో ఇంటివారి చేతికి అందే మొదటి మజిలీ. దాని నుంచి కనెక్షన్ పైపు ద్వారా నీళ్లు ఫ్లష్ ట్యాంకులోని ఫ్లోట్ వాల్వుకు చేరతాయి. నీటిమట్టంతోపాటు పైకి తేలే బంతి గానీ డబ్బా గానీ ఒక స్థాయికి రాగానే ప్రవాహాన్ని మూసివేసే ఈ భాగాన్నే ప్లంబర్లు బాల్ కాక్ అని కూడా అంటారు. ట్యాంకులో నిండిన నీళ్లను కమోడ్‌లోకి వదలడానికి రెండు ఏర్పాట్లు వాడుకలో ఉన్నాయి. పక్కన హ్యాండిల్ ఉండే పాత ప్లాస్టిక్ ట్యాంకుల్లో సాధారణంగా సైఫన్ ఉంటుంది. హ్యాండిల్ తిప్పినప్పుడు లోపలి పలుచని ప్లాస్టిక్ పొర కొంత నీటిని పైకి ఎత్తి వంపు దాటిస్తే, ఆ వెనుక మిగిలిన నీళ్లన్నీ తమంతట తాము లాగబడతాయి. మూత మీద బటన్లు ఉండే నేటి ట్యాంకుల్లో అడుగున ఒక వాల్వు ఉండి, బటన్ నొక్కగానే పైకి లేచి నీళ్లను ఒక్కసారిగా వదిలి, ట్యాంకు ఖాళీ కాగానే రబ్బరు వాషరు మీద తిరిగి కూర్చుంటుంది; ఇక్కడి నుంచి దీన్ని అడుగు వాల్వు అని పేర్కొనడం సౌకర్యం. దాని పక్కనే నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం, ఫ్లోట్ వాల్వు ఎప్పుడైనా మూసుకోకపోతే అదనపు నీళ్లు గదిలోకి పొర్లకుండా కమోడ్‌లోకే పోయేలా చేస్తుంది.

ట్యాంకు నుంచి దిగిన నీళ్లు కమోడ్ అంచు కింద ఉన్న బోలు దారిలో తిరిగి, అక్కడి రంధ్రాల నుంచి కిందికి జారి, మలాన్ని నెట్టుకుంటూ ట్రాప్ అనే వంపును దాటతాయి. ఈ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండి, మురుగు పైపులోని దుర్వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటుంది. దాన్నే వాటర్ సీల్ అంటారు. లండన్‌లో గడియారాలు తయారుచేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంటు పొందిన వంపు గొట్టం నుంచి వచ్చిన ఈ ఏర్పాటు ఈనాటికీ మూలసూత్రంలో మారలేదు. ట్రాప్ దాటిన తర్వాత నాలుగంగుళాల మురుగు పైపు, దానికి అనుబంధంగా మేడ పైదాకా లేచే గాలి పైపు, చివరికి వీధిలోని డ్రైనేజీ గానీ ఇంటి సెప్టిక్ ట్యాంకు గానీ వస్తాయి.

బకెట్‌తో మొదటి నిర్ణయం

పై దారిని రెండుగా విడదీసే పరీక్ష ఒకటి ఉంది, దానికి పనిముట్లేవీ అవసరం లేదు. కమోడ్‌లో నీళ్లు మామూలు మట్టంలో ఉన్నప్పుడు ఆరేడు లీటర్ల నీటిని బకెట్‌తో నడుము ఎత్తు నుంచి ఒకే ధారగా, తడబడకుండా, రెండు మూడు సెకన్లలో పోయాలి. కమోడ్ వెంటనే ఖాళీ అయి శుభ్రపడితే ట్రాపు, పైపు, సెప్టిక్ ట్యాంకు అన్నీ సవ్యంగా ఉన్నాయని, లోపం ట్యాంకులోనో అంచు రంధ్రాల్లోనో ఉందని నిర్ధారించుకోవచ్చు. పోసిన నీరు అంచు వైపు ఎగబాకి మెల్లగా దిగితే ట్యాంకు సామాను ఎంత ఖరీదైనది మార్చినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అడ్డంకి కిందనే ఉంది. నీరు వేగంగానే పోయినా గుడగుడమని బుడగలు వచ్చి, చివరికి కమోడ్‌లో నిలవవలసిన నీరు మామూలుకన్నా తక్కువగా మిగిలితే గాలి పైపు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. ముందే నీళ్లు పైకి నిలిచి ఉన్న కమోడ్‌లో మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. అక్కడ ఫలితం ఎలాగూ తెలిసిపోయింది, పోసిన నీరు నేల మీదికి వస్తుంది.

ఈ ఒక్క పరీక్షను ప్లంబరు రాకముందే చేసి ఫలితాన్ని అతనికి చెప్పగలిగిన ఇంటివారు సగం ఖర్చును, అంతకన్నా ముఖ్యంగా అనవసరమైన విడదీతను తప్పించుకుంటారు. బిగించిన పింగాణీ సామానును ఊరికే కదిలించడం వల్ల కింది జాయింటు వదులై కొత్త లీకు మొదలయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

చప్పుడు వేళ, చప్పుడు చోటు

ట్యాంకు నిండుతున్నంతసేపూ వచ్చి, నిండగానే ఆగిపోయే చప్పుడు ఫ్లోట్ వాల్వుకు గానీ, దానికి ముందున్న భాగానికి గానీ చెందినది. ఈల వంటి సన్నని కూత వినిపిస్తే నీళ్లు ఇరుకైన సందులోంచి బలవంతంగా దూరుతున్నాయని అర్థం. ఆ ఇరుకు సగమే తెరిచి ఉంచిన యాంగిల్ కాక్‌లో ఉండవచ్చు, కనెక్షన్ పైపు చివర ఉండే జాలీలో పేరుకున్న ఇసుక వల్ల ఏర్పడి ఉండవచ్చు, ఫ్లోట్ వాల్వులోని రబ్బరు పొర గట్టిపడి కంపించడం వల్ల కూడా రావచ్చు. వీటిలో ఏదో తెలుసుకోవడానికి ముందు యాంగిల్ కాక్‌ను పూర్తిగా తెరిచి చూడాలి, తర్వాత కొంత మూసి చూడాలి. తెరిచినప్పుడు కూత ఆగితే దోషం కాక్‌దే, మూస్తున్న కొద్దీ తగ్గితే ఒత్తిడి ఎక్కువై ఫ్లోట్ వాల్వు తట్టుకోలేకపోతోందని గ్రహించాలి. కూత కాకుండా జలపాతం వంటి హోరు వినిపిస్తే, ఫ్లోట్ వాల్వు నుంచి నీళ్లను ట్యాంకు అడుగు దాకా తీసుకువెళ్లవలసిన చిన్న గొట్టం ఊడిపోయి, నీళ్లు పైనుంచి ధారగా పడుతున్నాయని చెప్పవచ్చు. ఆ గొట్టాన్ని తిరిగి తగిలిస్తే రాత్రిపూట ఇంటిల్లిపాదినీ లేపే హోరు ఆగిపోతుంది.

నీళ్లు ఆగే క్షణంలో గోడలో ఎవరో సుత్తితో కొట్టినట్లు ఒక్క దెబ్బ వినిపిస్తే, దానికి కారణం గొట్టంలో వేగంగా కదులుతున్న నీటిని వాల్వు ఒక్కసారిగా నిలిపివేయడమే. ఆ నీటి ఊపు గొట్టం గోడల మీద పీడన తరంగంగా దెబ్బ వేస్తుంది, ఇంజనీర్లు దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. నేరుగా ప్రెషర్ పంపు నుంచి నీళ్లు అందే ఇళ్లలోనూ, ఎత్తైన భవనాల కింది అంతస్తుల్లోనూ ఇది ఎక్కువ. యాంగిల్ కాక్‌ను కొంత తగ్గించడం, గోడ బయట ఉన్న గొట్టాలకు వదులైన క్లాంపులను బిగించడం తక్షణ ఉపాయాలు. భవనమంతటా ఇదే పరిస్థితి ఉంటే అపార్ట్‌మెంట్ సంఘం ఒత్తిడిని తగ్గించే వాల్వును నిలువు పైపులో పెట్టించవలసి ఉంటుంది. ఈ చప్పుడును నిర్లక్ష్యం చేయకూడదు, ఎందుకంటే ప్రతి దెబ్బా గొట్టాల జాయింట్ల మీదే పడుతుంది.

ఎవరూ వాడనప్పుడు వచ్చే చప్పుడు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది. పావుగంటకో, అరగంటకో ఒకసారి ఎవరూ నొక్కకుండానే ట్యాంకు కొద్దిసేపు నిండి ఆగిపోవడం, లేదా చెవి పెట్టి వింటే తప్ప తెలియని సన్నని 'స్‌స్' శబ్దం రోజంతా కొనసాగడం నీళ్లు వృథాగా పోతున్నాయనడానికి గుర్తు. ఇక్కడ రెండు అవకాశాలు మాత్రమే ఉంటాయి: అడుగు వాల్వు వాషరు సరిగా కూర్చోక కింది నుంచి కారడం ఒకటి, ఫ్లోట్ వాల్వు మూసుకోక నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పై నుంచి పొర్లడం మరొకటి. మూత తీసి చూస్తే రెండోది కంటికే కనిపిస్తుంది. మొదటిదాన్ని పట్టుకోవడానికి బట్టలకు పెట్టే నీలిమందును గానీ, వంటల్లో వాడే రంగును గానీ కొన్ని చుక్కలు ట్యాంకు నీళ్లలో వేసి, ఇరవై నిమిషాల పాటు ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉంచాలి. కమోడ్‌లోని నీటికి రంగు వస్తే వాషరు కారుతున్నట్లే.

ఎంత పోతోందో లెక్కగట్టడం కూడా కష్టం కాదు. యాంగిల్ కాక్ మూసి, ట్యాంకు లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, అరగంట తర్వాత ఎంత దిగిందో చూడాలి. లోపలి కొలత 35 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో మట్టం 1 సెంటీమీటరు తగ్గితే 420 మిల్లీలీటర్లు పోయినట్లు. అంటే రోజుకు దాదాపు 20 లీటర్లు. అదే అరగంటలో 5 సెంటీమీటర్లు తగ్గితే రోజుకు 100 లీటర్లు. మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాల్లో ఒక మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందించాలన్నది మన దేశంలో నీటి సరఫరా పథకాలకు పాటించే ప్రమాణం కాబట్టి, ఈ చిన్న లీకు ఇంట్లో కనిపించని మరో మనిషికి నీళ్లు పోస్తున్నదని చెప్పడం అతిశయోక్తి కాదు. వేసవిలో బోరు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే హైదరాబాద్ శివారు కాలనీల్లో ఈ పరీక్షను ప్రతి ఇంటా ఏడాదికి ఒకసారైనా చేయడం అవసరం.

విప్పడం, కడగడం, బిగించడం

వాషరు దోషమని తేలిన తర్వాత చేయవలసిన పని ఓపిక కోరేదే గాని నైపుణ్యం కోరేది కాదు. ముందు యాంగిల్ కాక్ పూర్తిగా మూసి, ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేయాలి. పింగాణీ మూతను ఎత్తేముందు మధ్యలోని బటన్ చట్రాన్ని తిప్పి విడదీయాలి, ఎత్తిన మూతను మడతపెట్టిన గుడ్డ మీద నేలనే ఉంచాలి. కమోడ్ మీదో, వాష్‌బేసిన్ అంచునో ఉంచిన మూత జారి పగిలితే దానికి సరిపోయేది విడిగా దొరకడం చాలా కష్టం. నేటి ట్యాంకుల్లో చాలావరకు అడుగు వాల్వును పావు చుట్టు తిప్పితే పైకి వచ్చేస్తుంది. దాని కింది వాషరును వేలితో తడిమితే గట్టిపడిన అంచు, చీలిక, ఇరుక్కున్న ఇసుక రేణువు తెలిసిపోతాయి. వాషరు మెత్తగానే ఉంటే కడిగి, అది కూర్చునే ప్లాస్టిక్ అంచును కూడా గుడ్డతో శుభ్రంగా తుడిచి తిరిగి పెట్టాలి. వేళ్లకు నల్లటి మసి అంటుతుంటే ఆ రబ్బరు కాలం తీరినట్లే, మార్చక తప్పదు. కొత్త వాషరు కొనడానికి వెళ్లేవారు పాతదాన్ని చేత్తో పట్టుకువెళ్లడం ఉత్తమం, ఎందుకంటే చూపుకు ఒకేలా కనిపించే వాషర్లు వ్యాసంలో కొద్దిపాటి తేడాతో ఉంటాయి, ఆ కొద్దిపాటి తేడాయే మళ్లీ లీకుకు దారితీస్తుంది.

ఫ్లోట్ వాల్వు విషయంలో ముందు కనెక్షన్ పైపును విప్పి, దాని నోటి వద్ద గానీ వాల్వు కాడ లోపల గానీ ఉండే జాలీని బయటికి తీసి కడగాలి. తిరిగి బిగించే ముందు పైపు చివరను బకెట్‌లో పెట్టి యాంగిల్ కాక్‌ను కొన్ని సెకన్లు పూర్తిగా తెరవడం మరిచిపోకూడదు. గొట్టంలో నిలిచిన ఇసుక, తుప్పు, పైపుల పని తర్వాత మిగిలిన ప్లాస్టిక్ పొట్టు ఆ ధారతో బయటికి పోతాయి. మేడ మీది ట్యాంకు కడిగిన రోజునో, పైపుల మరమ్మతు జరిగిన మరునాడో ఫ్లష్ చప్పుడు మొదలైందంటే కారణం ఈ చెత్తేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. వాల్వు తలను విప్పితే కనిపించే రబ్బరు పొర మధ్య సూదిమొనంత రంధ్రం ఉండే రకాలున్నాయి, అది మూసుకుపోతే వాల్వు ఆగదు. దాన్ని నీటి ధారతో శుభ్రం చేయాలి గాని, సూదితో పెద్దది చేయకూడదు. నీటిమట్టాన్ని ఓవర్‌ఫ్లో గొట్టం నోటికి 2 నుంచి 3 సెంటీమీటర్ల కింద ఆగేలా సరిచేయాలి. ప్లాస్టిక్ నట్లను చేత్తో బిగించడమే చాలు. లోపల రబ్బరు వాషరు ఉన్న నట్టుకు తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే అక్కడ నీటిని ఆపేది మర కాదు, వాషరు. పానాతో బలంగా బిగిస్తే కాడ పగులుతుంది.

నీళ్ల గుణం

రబ్బరు పాడు కావడానికి, రంధ్రాలు మూసుకుపోవడానికి వయసు కన్నా పెద్ద కారణం తెలుగు నేలలో చాలాచోట్ల బోరు నీటి కాఠిన్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉండడాన్నే కాఠిన్యం అంటారు. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతి. ఈ లవణాలు ఆరిన చోటల్లా తెల్లటి పెచ్చుగా పేరుకుంటాయి, ఫ్లోట్ వాల్వు మూతి దగ్గర, అడుగు వాల్వు అంచు మీద, అన్నిటికన్నా ఎక్కువగా కమోడ్ అంచు కింది రంధ్రాల్లో. చిన్న అద్దాన్ని అంచు కింద పట్టుకుని చూస్తే సగం రంధ్రాలు కనిపించకపోవడం బోరు నీళ్ల ఇళ్లలో వింత కాదు. అటువంటప్పుడు ట్యాంకులో పూర్తి నీళ్లున్నా కమోడ్‌లోకి దిగే వేగం తగ్గిపోతుంది. మలాన్ని వంపు దాటించేది నీటి పరిమాణం ఒక్కటే కాదు, ఆ నీళ్లు ఎంత తక్కువ సమయంలో దిగాయన్నది కూడా. ఆరు లీటర్లు నెమ్మదిగా జారితే కమోడ్ తడుస్తుంది గాని శుభ్రపడదు.

పెచ్చును కరిగించడానికి కిరాణా దుకాణాల్లో దొరికే నిమ్మ ఉప్పు మంచి సాధనం. లీటరు గోరువెచ్చని నీటిలో సుమారు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకు ఖాళీ చేసిన తర్వాత ఆ ద్రావణాన్ని ఓవర్‌ఫ్లో గొట్టంలో మెల్లగా పోస్తే, అది నేరుగా అంచు లోపలి దారిలోకి చేరి రంధ్రాలను తాకుతుంది. రాత్రంతా వదిలేసి, ఉదయం వంచిన రాగి తీగతో ఒక్కో రంధ్రాన్ని కదిలించి, రెండుసార్లు ఫ్లష్ చేయాలి. ఏళ్ల తరబడి పేరుకున్న పెచ్చయితే ఈ పనిని రెండు మూడు రాత్రులు వరుసగా చేయవలసి రావచ్చు. మరుగుతున్న నీళ్లు మాత్రం పోయకూడదు, హఠాత్తు వేడికి పింగాణీ బీటవారుతుంది.

సీసాల్లో అమ్మే గాఢమైన యాసిడ్ వాడకాన్ని ఈ సందర్భంలో గట్టిగా వారించవలసి ఉంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పెచ్చును కరిగించే మాట నిజమే గాని, ట్యాంకులో పోస్తే లోహపు మరలను తినేస్తుంది, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది, మూసి ఉన్న చిన్న గదిలో దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దానికి బ్లీచింగ్ పౌడరు తోడైతే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. శుభ్రత కోసం ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చల్లే అలవాటు అనేక ఇళ్లలో ఉంది, దాన్ని వెంటనే మానుకోవాలి.

ట్యాంకు బాగున్నా ఫ్లష్ బలహీనమైతే

రంధ్రాలు శుభ్రంగా ఉండి కూడా ఫ్లష్ మందగిస్తే ట్యాంకు నుంచి నిజంగా ఎన్ని లీటర్లు దిగుతున్నాయో కొలవాలి. యాంగిల్ కాక్ మూసి, పెద్ద బటన్ నొక్కి, ఖాళీ అయిన ట్యాంకును లీటరు మగ్గుతో ముందున్న నీటిమట్టం దాకా నింపితే లెక్క తెలుస్తుంది. రెండు బటన్లున్న ట్యాంకుల్లో పెద్దది సుమారు 6 లీటర్లు, చిన్నది 3 లీటర్లు వదిలేలా రూపొందిస్తారు. కొలతలో నాలుగు లీటర్లే వస్తే నీటిమట్టం తక్కువగా సరిచేశారనో, బటన్ కింది కడ్డీ పొట్టిదై అడుగు వాల్వును పూర్తిగా ఎత్తలేకపోతోందనో భావించాలి. రెండూ నిమిషాల్లో సరిచేయగల లోపాలే. హ్యాండిల్ ఉన్న పాత ట్యాంకుల్లో రెండు మూడు సార్లు గట్టిగా తిప్పితే గాని నీళ్లు దిగడం లేదంటే, సైఫన్‌లోని పలుచని పొర చిరిగిందని అర్థం. దాన్ని మాత్రమే మారిస్తే ట్యాంకు మరికొన్నేళ్లు పనిచేస్తుంది.

కొలత సరిగానే ఉన్నా ఫలితం రాకపోవడానికి మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే, తక్కువగా గుర్తించే కారణం ఒకటుంది. పది లీటర్లకు పైగా నీళ్లు పడతాయన్న లెక్కతో తయారైన పాత కమోడ్‌కు, ట్యాంకు పాడైనప్పుడు 6 లీటర్ల కొత్త ట్యాంకు తగిలిస్తారు. కమోడ్ లోపలి వాలు, ట్రాప్ వంపు పాత పరిమాణానికి తగినవి కాబట్టి కొత్త ట్యాంకు ఎంత మంచిదైనా ఆ కమోడ్‌ను శుభ్రపరచలేదు. ఇంటివారు రెండుసార్లు నొక్కుతారు, నీళ్లు ఆదా కాకపోగా ఖర్చు పెరుగుతుంది. ట్యాంకు, కమోడ్ ఒకదానికొకటి సరిపోయేవై ఉండాలన్నది కొనే సమయంలోనే గట్టిగా అడగవలసిన విషయం. అదే విధంగా గోడ నుంచి మురుగు రంధ్రానికి ఉన్న దూరం కొత్త కమోడ్ కొలతతో కలవనప్పుడు, వంకర కనెక్టరు పెట్టి పని కానిచ్చేయడం జరుగుతుంది. ఆ వంకర దగ్గర మలం తట్టుకుని ప్రతి కొద్ది నెలలకూ అడ్డుపడుతుంది. ఇటువంటి ఇంట్లో రబ్బరు గిన్నె ఉన్న ప్లంజర్‌ను ఎన్నిసార్లు వేసినా ఉపశమనమే గాని నివారణ లేదు.

పై అంతస్తుల్లో ట్యాంకు లేకుండా గోడలో నుంచి నేరుగా నీళ్లు వదిలే ఫ్లష్ వాల్వు బిగించిన ఇళ్లది వేరే సమస్య. ఆ వాల్వుకు ఒత్తిడే బలం. మేడ మీది ట్యాంకు కేవలం ఒక అంతస్తు ఎత్తులో ఉన్నప్పుడు ఆ బలం చాలదు. వాల్వును పదేపదే బాగుచేయించడం కన్నా ఫ్లష్ ట్యాంకు పెట్టించుకోవడమే సరైన నిర్ణయం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక వివరణ అవసరం. అక్కడి కమోడ్లు ఎక్కువగా సైఫన్ పద్ధతివి, అంటే నీటి బరువుతో నెట్టడం కాకుండా వంపు గొట్టం పూర్తిగా నిండి లోపలి నీటినంతటినీ పీల్చుకుంటాయి; చివర వచ్చే గళగళ శబ్దం వాటికి సహజం. మన దేశంలో ఎక్కువగా వాడే వాష్‌డౌన్ కమోడ్‌లో, అంటే నీటి తోపుడుతోనే పనిచేసే రకంలో, అదే శబ్దం గాలి పైపు లోపానికి సూచన. 1992 నాటి చట్టాన్ని అనుసరించి అక్కడ 1994 నుంచి ఇళ్లకు తయారయ్యే కమోడ్లు ఒక ఫ్లష్‌కు 1.6 గ్యాలన్లు, అంటే దాదాపు 6 లీటర్లు మించకూడదు; అంతకుముందు నాటి కమోడ్ ఉన్న పాత ఇంట్లో నీళ్లు తగ్గించడానికి ట్యాంకులో ఇటుకలు, సీసాలు పెట్టడం పైన చెప్పిన పాత కమోడ్, కొత్త ట్యాంకు ఇబ్బందినే కొనితెస్తుంది.

నేల కింద

బకెట్ పరీక్షలో నీరు ఎగబాకిన ఇంట్లో ముందు ప్లంజర్‌తో ప్రయత్నించాలి. దాని రబ్బరు గిన్నె నీటిలో పూర్తిగా మునిగి, కమోడ్ నోటిని గాలి చొరకుండా మూసినప్పుడే ఫలితం ఉంటుంది, అప్పుడు కూడా తోయడం కన్నా వెనక్కి లాగడం మీద బలం పెట్టాలి. అడ్డుపడినది శానిటరీ న్యాప్కినో, పిల్లల డైపరో, వెట్ వైప్సో అయితే తోసినకొద్దీ అది మరింత లోపలికి పోయి, బయటికి తీయడానికి వీలులేని చోట చిక్కుకుంటుంది. అటువంటప్పుడు స్ప్రింగ్ తీగతో వెనక్కి లాగించడమే మార్గం. ఇవి నీటిలో కరగవు, కమోడ్‌లో వేయదగినవి కావు.

ఒక్క కమోడ్ కాకుండా స్నానాల గది నీళ్లు కూడా మెల్లగా పోతుంటే, లేదా బకెట్ నీళ్లు నేల జాలీలో పోసినప్పుడు కమోడ్‌లో బుడగలు లేస్తుంటే లోపం ఉమ్మడి పైపుదని తెలుస్తుంది. నాలుగంగుళాల మురుగు పైపుకు ప్రతి 40 మీటర్ల పొడవుకు 1 మీటరు, అంటే మీటరుకు 25 మిల్లీమీటర్ల చొప్పున వాలు ఇవ్వడం వాడుకలో ఉన్న లెక్క. వాలు తగ్గితే ఘనపదార్థం మధ్యలో నిలిచిపోతుంది. ఈ లోపాన్ని ఇంటివారు సరిచేయలేరు, కాని ఇల్లు కట్టేటప్పుడు పైపులు కప్పేయకముందే లెవెల్ గొట్టంతో కొలిపించగలరు. మేడ మీది గాలి పైపు నోటిలో పక్షులు గూడు కట్టాయేమో, మూత విరిగి లోపల పడిందేమో చూడడం అయిదు నిమిషాల పని.

ఇవన్నీ సరిగా ఉండి, వర్షాకాలంలో గానీ బంధువులు ఎక్కువగా వచ్చిన పండుగ రోజుల్లో గానీ ఫ్లష్ మందగిస్తే సెప్టిక్ ట్యాంకు నిండిందని భావించాలి. అడుగున చేరే మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించడం మంచిది. పదేళ్లు కదిలించని ట్యాంకు ఇంకా పనిచేస్తున్నట్లు కనిపిస్తే, శుద్ధి కాని మలినం చుట్టుపక్కల నేలలోకి, బావుల్లోకి చేరుతోందన్న మాటే. మడ్డి తీసే పనిని యంత్రం ఉన్న ట్యాంకరుతోనే చేయించాలి. మూసి ఉన్న సెప్టిక్ ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది, అతన్ని రక్షించడానికి దిగిన రెండో మనిషిని కూడా వదలదు. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి దించి శుభ్రం చేయించడాన్ని 2013లో వచ్చిన చట్టం నేరంగా ప్రకటించింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు ఇస్తూ, ఈ పనిలో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. తక్కువ డబ్బుకు దిగి తీస్తామని ఎవరు ముందుకు వచ్చినా ఇంటి యజమాని ఒప్పుకోకూడదు. ట్యాంకరు దొరికే దాకా ఆ మరుగుదొడ్డిని మూసి ఉంచి, ఇరుగుపొరుగు సాయం తీసుకోవాలి.